హార్డ్-టు-డ్రైవ్ స్పీకర్లకి యాంప్లిఫయర్ ఎలా ఎంచుకోవాలి?

మంచి స్పీకర్లు కొన్నారు, ఇంట్లో ఉన్న యాంప్‌కి తగిలించారు, తీరా వింటే బాస్ పల్చగా ఉంది. వాల్యూమ్ పెంచితే శబ్దం పెరుగుతోంది కానీ పాటలో ప్రాణం లేదు, ఇంకాస్త పెంచితే యాంప్ టక్కుమని ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతోంది. అప్పుడు ఎవరిని అడిగినా "ఇంకో వంద వాట్లు ఎక్కువున్నది కొనండి" అనే చెప్తారు. కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి. వాట్లు పెంచితే కొన్ని స్పీకర్ల సమస్య తీరుతుంది, కొన్నిటిది అస్సలు తీరదు, ఎందుకంటే "డ్రైవ్ చేయడం కష్టం" అని మనం ఒకే మాటగా చెప్పుకునే దాంట్లో రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఒక రకం స్పీకర్ వోల్టేజ్ ఎక్కువ అడుగుతుంది. ఇంకో రకం కరెంట్ ఎక్కువ అడుగుతుంది. ఇంటి మీది ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్నది వోల్టేజ్ అనుకుంటే, పైపు ఎంత లావుందన్నది కరెంట్. నీళ్లు సన్నగా వస్తున్నాయని ట్యాంకు ఎత్తు పెంచుకుంటూ పోతే, పైపే సన్నదైనప్పుడు ఫలితం అంతంతమాత్రమే. మీ స్పీకర్‌ది ఏ సమస్యో తేల్చుకున్నాకే డబ్బు బయటకి తీయండి.

ముందు స్పీకర్ స్పెసిఫికేషన్లు చదవండి, కానీ నమ్మేయకండి

మాన్యువల్ తీయండి, లేదా కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తెరవండి. మీకు కావాల్సినవి రెండే: సెన్సిటివిటీ, ఇంపీడెన్స్ (కరెంట్‌కి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో ఓమ్‌లలో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ స్పీకర్ లాగే కరెంట్ పెరుగుతుంది).

సెన్సిటివిటీ అంటే 2.83 వోల్టులు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎంత శబ్దం వస్తుందన్నది, డెసిబెల్స్ (డీబీ)లో. ఆ 2.83 అన్న అంకె ఎక్కడిదంటే, 8 ఓమ్‌ల స్పీకర్‌కి అంత వోల్టేజ్ ఇస్తే సరిగ్గా ఒక వాట్ ఖర్చవుతుంది. అదే 2.83 వోల్టులు 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఇస్తే రెండు వాట్లు ఖర్చవుతాయి. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకర్ మీద "87 డీబీ, 2.83 వోల్టులు" అని రాసి ఉంటే, ఒక్క వాట్ లెక్కలో అది 84 డీబీ స్పీకరే. బ్రోషర్‌లో 87 చూసి "పర్లేదు, మామూలు స్పీకరే" అనుకుని చిన్న యాంప్ కొనేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నా లెక్కలో 90 డీబీ పైన ఉంటే యాంప్ గురించి టెన్షన్ అక్కర్లేదు, 86 నుంచి 89 దాకా మామూలు, 85 గానీ ఇంకా తక్కువ గానీ అయితే కూర్చుని లెక్క వేసుకోవాల్సిందే.

ఇంపీడెన్స్ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "8 ఓమ్‌లు" అని రాసేది నామినల్, అంటే పేరుకి. నిజానికి ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతూ ఉంటుంది, ఒకే స్పీకర్ ఒక చోట 30 ఓమ్‌లు, ఇంకో చోట 3 ఓమ్‌లు ఉండొచ్చు. అంతర్జాతీయ ఎలక్ట్రికల్ ప్రమాణాల సంస్థ ఐఈసీ ప్రమాణం ప్రకారం కనిష్ఠ ఇంపీడెన్స్ నామినల్‌లో 80 శాతం కంటే కిందకి దిగకూడదు, అంటే 8 ఓమ్‌లు అని రాయాలంటే ఎక్కడా 6.4 కన్నా తగ్గకూడదు, 4 అని రాయాలంటే 3.2 కన్నా తగ్గకూడదు. దీన్ని పాటించని కంపెనీలు బోలెడు. ఉదాహరణకి కెఫ్ ఎల్ఎస్50 మెటా తీసుకోండి, మన దగ్గర కూడా చాలామంది కొంటున్న చిన్న స్పీకర్: 85 డీబీ, 8 ఓమ్‌లు, కనిష్ఠం 3.5 ఓమ్‌లు అని కంపెనీయే రాస్తుంది. ఆ "కనిష్ఠం 3.5" అన్న ముక్క రాసినందుకు మెచ్చుకోవాలి, ఎందుకంటే చాలామంది అది కూడా రాయరు. మీరు మాత్రం దాన్ని 4 ఓమ్‌ల స్పీకర్ కిందే లెక్కేసుకోండి.

రెండు సమస్యల మధ్య తేడా స్పష్టంగా కనపడాలంటే రెండు పాత స్పీకర్లని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. బీబీసీ 1970లలో తయారు చేసిన ఎల్ఎస్3/5ఏ సెన్సిటివిటీ 83 డీబీకి అటూఇటూ, చాలా తక్కువ, కానీ మొదటి మోడల్ ఇంపీడెన్స్ 15 ఓమ్‌లు. కరెంట్ పెద్దగా అడగదు, అందుకే 25, 30 వాట్ల ట్యూబ్ (ట్రాన్సిస్టర్ల బదులు వాక్యూమ్ ట్యూబులు వాడే) యాంప్‌తో కూడా చిన్న గదిలో హాయిగా పాడుతుంది. మరోవైపు 1980లలో వచ్చిన అపోజీ సింటిల్లా రిబ్బన్ స్పీకర్‌ని 1 ఓమ్ దగ్గర నడిపే వీలుంది. అప్పట్లో మామూలు యాంప్‌లు దాని ముందు చేతులెత్తేశాయి, క్రెల్ లాంటి కంపెనీల పెద్ద యాంప్‌లకి పేరు రావడానికి ఇలాంటి స్పీకర్లూ ఒక కారణం. క్రెల్ కేఎస్ఏ-50 మీద రాసింది 50 వాట్లే, కానీ 4 ఓమ్‌లకి 100, 2 ఓమ్‌లకి 200 ఇచ్చేది. 50 వాట్ల యాంప్ అలాంటి స్పీకర్లని ఎలా లాగిందన్న ప్రశ్నకి జవాబు అదే. ఇన్ఫినిటీ కప్పా 9 కూడా అదే కోవలోది, బాస్‌లో 1 ఓమ్ కంటే కిందకి దిగుతుంది.

తర్వాత ఇంపీడెన్స్ గ్రాఫ్ వెతకండి

స్పెసిఫికేషన్ల పేజీ మీకు సగమే చెప్తుంది. మిగతా సగం ఎవరైనా స్వయంగా కొలిచిన గ్రాఫ్‌లో ఉంటుంది. స్టీరియోఫైల్ పత్రికలో జాన్ అట్కిన్సన్ ఏళ్ల తరబడి చేసిన కొలతలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, ఆడియో సైన్స్ రివ్యూ, ఎరిన్స్ ఆడియో కార్నర్ కూడా చూడండి. మీ స్పీకర్ మోడల్ పేరు పక్కన "మెజర్‌మెంట్స్" అని కొట్టి వెతికితే పేరున్న స్పీకర్లలో చాలావాటికి దొరుకుతుంది.

స్టీరియోఫైల్ గ్రాఫ్‌లో రెండు గీతలుంటాయి. గట్టి గీత ఇంపీడెన్స్, చుక్కల గీత ఫేజ్ కోణం. గట్టి గీత ఎక్కడ అన్నిటికన్నా కిందకి దిగిందో చూడండి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర దిగిందో చూడండి. సంగీతంలో శక్తి ఎక్కువగా ఖర్చయ్యేది సుమారు 50 నుంచి 500 హెర్ట్జ్ మధ్య: డప్పు, మృదంగం తొప్పి, కిక్ డ్రమ్, బేస్ గిటార్, మగ గొంతు, అన్నీ అక్కడే. గీత 100 హెర్ట్జ్ దగ్గర 3 ఓమ్‌లకి దిగితే అది నిజమైన బరువు. అదే 20 వేల హెర్ట్జ్ దగ్గర దిగితే అంత భయం లేదు, అక్కడ పాటలో శక్తి చాలా తక్కువ. మార్టిన్‌లోగన్ లాంటి ఎలక్ట్రోస్టాటిక్ (కోన్ బదులు పల్చటి పొర కదిలే) స్పీకర్లు పైకి వెళ్లేకొద్దీ 1 ఓమ్ దగ్గరకి దిగుతాయి, అయినా మంచి యాంప్‌లు తట్టుకోవడానికి కారణం ఇదే. కాకపోతే కొన్ని యాంప్‌లు కెపాసిటర్‌లా ప్రవర్తించే ఆ లోడ్‌కి అస్థిరమవుతాయి, కాబట్టి ఎలక్ట్రోస్టాటిక్ ఉన్నవాళ్లు ఆ స్పీకర్‌తో నడిచినట్టు ఎవరైనా చెప్పిన యాంప్ మాత్రమే తీసుకోవాలి.

ఇప్పుడు ఫేజ్ గీత. దీన్ని చాలామంది దాటేస్తారు, నేను మాత్రం అన్నిటికన్నా ముందు దీన్నే చూస్తాను. మామూలు రెసిస్టర్‌లో వోల్టేజ్, కరెంట్ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. కరెంట్ పీక్‌లో ఉన్నప్పుడు సప్లై వోల్టేజ్‌లో ఎక్కువ భాగం స్పీకర్ మీదే పడుతుంది, యాంప్ లోపలి ట్రాన్సిస్టర్ మీద కొంచెమే మిగులుతుంది, అందుకని అది చల్లగా ఉంటుంది. ఫేజ్ కోణం ఉన్నప్పుడు ఈ రెండూ విడిపోతాయి. స్పీకర్ వోల్టేజ్ సున్నా దగ్గర ఉండగానే కరెంట్ భారీగా పారుతుంటుంది, అంటే సప్లై వోల్టేజ్ మొత్తం ట్రాన్సిస్టర్ మీద పడి, దాంట్లోంచే ఆ కరెంట్ కూడా పోతుంది. ఆ వేడంతా ట్రాన్సిస్టరే భరించాలి. బాగా వాడుకలో ఉన్న క్లాస్ ఏబీ రకం యాంప్‌కి లెక్క వేస్తే, ఫేజ్ కోణం 30 డిగ్రీలుంటే ట్రాన్సిస్టర్లకి ఆ ఇంపీడెన్స్ దాదాపు సగమే ఉన్నట్టు, 45 డిగ్రీలుంటే మూడో వంతుకి దగ్గరగా ఉన్నట్టు. అంటే గ్రాఫ్‌లో 4 ఓమ్‌లు, పక్కనే 45 డిగ్రీలు కనిపిస్తే, మీ యాంప్ ట్రాన్సిస్టర్లు 1.4 ఓమ్‌ల రెసిస్టర్‌ని మోస్తున్నంత వేడెక్కుతాయి. స్పీకర్ లాగే కరెంట్ 4 ఓమ్‌ల లెక్కలోనే ఉంటుంది, పెరిగేది వేడి. "నా స్పీకర్ కనిష్ఠం 4 ఓమ్‌లే కదా, యాంప్ ఎందుకు ప్రొటెక్షన్‌కి పోతోంది" అని అడిగేవాళ్లకి జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఈ లెక్కంతా ఒక్క అంకెలోకి తెచ్చి ఈపీడీఆర్ (ఈక్వివలెంట్ పీక్ డిసిపేషన్ రెసిస్టెన్స్) అంటారు, ఇటీవలి స్టీరియోఫైల్ సమీక్షల్లో అది రాసి ఉంటుంది. ఈపీడీఆర్ 2 ఓమ్‌ల కంటే తక్కువ, అదీ బాస్‌లో ఉందంటే మీది నిజంగా బరువైన స్పీకర్.

గ్రాఫ్ ఎక్కడా దొరక్కపోతే, కేబుల్స్ తీసేసి స్పీకర్ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూడండి. 3 ఓమ్‌లో ఇంకా తక్కువో చూపిస్తే దాన్ని 4 ఓమ్‌ల స్పీకర్‌గానే చూడాలి, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే. ఇది మోటు పద్ధతి, ఫేజ్ గురించి ఏమీ చెప్పదు, కానీ ఏమీ లేకపోవడం కంటే నయం.

మీ గదికి ఎంత కావాలో లెక్క వేయండి

పది నిమిషాల పని, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. ఎల్ఎస్50 మెటానే తీసుకుందాం, గది 12 అడుగులకి 15 అడుగులు, మీరు కూర్చునేది స్పీకర్ నుంచి 3 మీటర్ల దూరం.

2.83 వోల్టులకి ఒక మీటరు దగ్గర 85 డీబీ. బహిరంగ ప్రదేశంలో అయితే 3 మీటర్లకి దాదాపు 9.5 డీబీ తగ్గాలి, కానీ గదిలో గోడల రిఫ్లెక్షన్లు కలుస్తాయి కాబట్టి 7 డీబీ తీసేయండి. రెండు స్పీకర్లు కాబట్టి 3 కలపండి. మీ కుర్చీ దగ్గర 81 డీబీ వచ్చింది. బాగా వినాలనుకున్నప్పుడు సగటున 80, 82 డీబీ దగ్గర వింటారనుకుందాం, మరి పీక్‌లు? సినిమా పాటల్లో చాలావరకు బాగా కంప్రెస్ చేసి ఉంటాయి కాబట్టి సగటుకీ పీక్‌కీ తేడా తక్కువ. కానీ మంచి లైవ్ కచేరీ రికార్డింగ్‌లో తనియావర్తనం మొదలైతే, లేదా ఆర్కెస్ట్రా ఒక్కసారిగా లేస్తే, పీక్‌లు సగటు మీద 15 నుంచి 20 డీబీ దాకా వెళ్తాయి. అందుకని పీక్ 100 డీబీ పెట్టుకుందాం. 81 నుంచి 100 అంటే 19 డీబీ. ప్రతి 3 డీబీకి పవర్ రెట్టింపు, ప్రతి 10 డీబీకి పది రెట్లు, ఆ లెక్కన 19 డీబీకి 80 రెట్లు. అంటే 8 ఓమ్‌ల లెక్కలో 80 వాట్లు, వోల్టుల్లో చెప్పాలంటే సుమారు 25.

ఇక్కడితో ఆపేస్తే "80 వాట్ల యాంప్ చాలు" అనుకుంటాం. ఆపకండి. ఆ 25 వోల్టులూ 3.5 ఓమ్‌ల దగ్గర పడితే కరెంట్ 7.2 యాంపియర్లు, అలల పీక్ లెక్కలో 10 యాంపియర్లు దాటుతుంది. కాబట్టి మనకి కావాల్సింది 8 ఓమ్‌లకి 80 వాట్లు ఇచ్చి, 4 ఓమ్‌లకి 150, 160 వాట్లు కూడా నిజంగా ఇవ్వగలిగే యాంప్. 8 ఓమ్‌లకి 100 ఇచ్చి 4 ఓమ్‌లకి 110 దగ్గర ఆగిపోయే యాంప్ పేరుకి పెద్దదైనా ఈ స్పీకర్‌కి చిన్నదే.

మీ అంకెలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి. ఒకటి మాత్రం గమనించండి: లెక్కలో 300, 400 వాట్లు వస్తుంటే, చిన్న స్పీకర్‌ని పెద్ద హాల్లో పెట్టి సాధ్యం కానిది అడుగుతున్నారన్నమాట. ఎల్ఎస్50 మెటాకి కంపెనీ చెప్పేది 40 నుంచి 100 వాట్ల యాంప్. దాని మీద ఎంత పెద్ద యాంప్ పెట్టినా ఆ చిన్న వూఫర్ కదిలే దూరానికి హద్దుంది.

యాంప్ స్పెసిఫికేషన్లలో ఏం చూడాలి

8 ఓమ్‌ల వాట్లు, 4 ఓమ్‌ల వాట్లు పక్కపక్కన రాసుకోండి. రెండోది మొదటిదానికి రెట్టింపుకి ఎంత దగ్గరగా ఉంటే పవర్ సప్లై అంత బలమైనది. సరిగ్గా రెట్టింపు అక్కర్లేదు, ఒకటిన్నర రెట్లు దాటితే చాలా ఇళ్లకి చాలు. హెగెల్ హెచ్190 8 ఓమ్‌లకి 150, 4 ఓమ్‌లకి 250 వాట్లు. పారాసౌండ్ ఏ 21 వచ్చి 250, 400. ఇలాంటివి కష్టమైన స్పీకర్లకి నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 2 ఓమ్‌ల అంకె కూడా ఇచ్చారంటే, లేదా "2 ఓమ్‌ల వరకు స్టేబుల్" అని రాశారంటే ఇంకా మంచిది. అసలు 4 ఓమ్‌ల అంకే ఇవ్వకపోతే, "6 నుంచి 16 ఓమ్‌ల స్పీకర్లు మాత్రమే" అని వెనక ప్యానెల్ మీద రాసి ఉంటే, దాన్ని కరెంట్ తాగే స్పీకర్‌కి పెట్టకండి.

ఆ వాట్లు ఎలా కొలిచారో కూడా చదవండి. సరైనది ఇలా ఉంటుంది: రెండు ఛానెళ్లూ నడుస్తుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో. హోమ్ థియేటర్ రిసీవర్ల పెట్టెల మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా "6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక్క ఛానెల్". ఆ 10 శాతం దగ్గర శబ్దం వినలేం, పగిలిపోతుంది. అలాంటి "185 వాట్లు" ని చూసి మోసపోకుండా లోపలి పేజీలో రెండు ఛానెళ్ల 8 ఓమ్‌ల అంకె వెతకండి, సగం దగ్గర కనపడుతుంది. ఇక "పీక్ కరెంట్ 60 యాంపియర్లు", "45 యాంపియర్లు" అనే అంకెలని కంపెనీకీ కంపెనీకీ పోల్చకండి, ఒక్కొక్కరు ఒక్కోలా కొలుస్తారు.

కొన్ని రిసీవర్ల వెనకో మెనూలోనో 8 ఓమ్‌లు, 4 ఓమ్‌లు అని మార్చే సెట్టింగ్ ఉంటుంది. 4 కి మారిస్తే యాంప్ బలపడుతుందనుకుంటారు. చాలా మోడళ్లలో అది లోపలి సప్లై వోల్టేజ్‌ని తగ్గిస్తుంది, యాంప్ వేడెక్కకుండా పవర్‌నే కోసేస్తుంది. మాన్యువల్ ఏం చెప్తే అది పాటించండి, కానీ ఆ సెట్టింగ్ మార్చక తప్పడం లేదంటే ఆ రిసీవర్ మీ స్పీకర్‌కి తగినది కాదని అర్థం.

క్లాస్ ఏ, ఏబీ, డీ, ట్యూబ్: ఏది?

కష్టమైన స్పీకర్లకి బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న క్లాస్ ఏబీ ఇప్పటికీ నమ్మకమైన దారి. చేత్తో ఎత్తి చూడండి: 100 వాట్ల స్టీరియో యాంప్ 5 కిలోలే ఉండి అది క్లాస్ డీ (ట్రాన్సిస్టర్లని స్విచ్‌ల్లా వేగంగా ఆన్-ఆఫ్ చేసే తేలికైన రకం) కాకపోతే, లోపల ట్రాన్స్‌ఫార్మర్ మీద పొదుపు చేసినట్టే.

క్లాస్ డీ గురించి పాత అభిప్రాయాలు వదిలేయండి. హైపెక్స్ ఎన్‌కోర్, ప్యూరిఫై లాంటి మాడ్యూల్స్‌తో వచ్చేవి తక్కువ ఇంపీడెన్స్‌ని బాగా మోస్తాయి, స్పీకర్ మారినా ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ మారదు, వేడి చాలా తక్కువ. హైపెక్స్ ఎన్‌సీ252ఎంపీ చిన్న బోర్డు, 8 ఓమ్‌లకి 150, 4 ఓమ్‌లకి 250 వాట్లు. విజయవాడలో మే నెలలో గదిలో కూర్చుని వినేవాళ్లకి ఈ చల్లదనం చిన్న విషయం కాదు. క్లాస్ ఏ యాంప్ పాట ఆగినా అంతే కరెంట్ తాగుతూ చిన్న హీటర్‌లా పనిచేస్తుంది, ఏసీ దానితో పోట్లాడాలి.

కానీ చవక క్లాస్ డీ డబ్బాల అంకెల దగ్గర లెక్క వేయాల్సిందే. టీపీఏ3255 చిప్‌తో వచ్చే చిన్న యాంప్ మీద "300 వాట్లు + 300 వాట్లు" అని రాసి, దాంతో 48 వోల్టులు 5 యాంపియర్ల అడాప్టర్ ఇస్తారు. 48 ని 5 తో గుణిస్తే 240. అడాప్టరే 240 వాట్లిస్తే యాంప్ 600 ఎక్కడినుంచి తెస్తుంది? కెపాసిటర్లలో దాచుకున్నది రెప్పపాటు పీక్‌కి పనికొస్తుంది, నిలకడగా రెండు ఛానెళ్లకీ కలిపి 200 చిల్లర వాట్లే. అది చెడ్డ యాంప్ అనడం లేదు, ఆ ధరకి బాగానే ఉంటుంది, కాకపోతే దాన్ని ఛానెల్‌కి 100 వాట్ల యాంప్ అనుకుని కొనండి. ఈ చిప్ యాంప్‌లు కొన్నిటిలో స్పీకర్ ఇంపీడెన్స్‌ని బట్టి ట్రెబుల్ కొంచెం పెరగడమో తగ్గడమో కూడా జరుగుతుంది.

ట్యూబ్ యాంప్ ఇష్టమైతే ఇంపీడెన్స్ గ్రాఫ్ తిన్నగా ఉన్న స్పీకర్ చూసుకోండి. ట్యూబ్ యాంప్‌కి అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ, అందువల్ల స్పీకర్ ఇంపీడెన్స్ పెరిగిన చోట శబ్దం పెరుగుతుంది, తగ్గిన చోట తగ్గుతుంది. 3 ఓమ్‌లకీ 30 ఓమ్‌లకీ మధ్య ఊగే స్పీకర్‌కి తగిలిస్తే స్పీకర్ డిజైనర్ అనుకున్న ధ్వని కాకుండా ఇంకోటి వింటారు. పెట్టక తప్పదంటే 4 ఓమ్‌ల ట్యాప్ (యాంప్ వెనక 4 ఓమ్‌లు అని రాసిన టెర్మినల్) వాడండి.

యాంప్ మార్చకుండా, లేదా పూర్తిగా మార్చకుండా

ఇప్పటికే రిసీవర్ ఉండి, దానికి ఫ్రంట్ ప్రీ-అవుట్ సాకెట్లు (బయటి పవర్ యాంప్‌కి సిగ్నల్ పంపేవి) ఉంటే కొత్త రిసీవర్ కొనకండి. మంచి స్టీరియో పవర్ యాంప్ ఒకటి తెచ్చి ముందు రెండు స్పీకర్లకి మాత్రం పెట్టండి. పవర్ యాంప్ గెయిన్ (వోల్టేజ్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) 26 డీబీ అనుకుంటే, అంటే 20 రెట్లు. మన లెక్కలోని 25 వోల్టులకి ప్రీ-అవుట్ నుంచి 1.25 వోల్టులు వస్తే చాలు, ఒక మోస్తరు రిసీవర్లు అంత ఇస్తాయి.

సబ్‌వూఫర్ ఉందా? 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ పెట్టి స్పీకర్లకి లోతైన బాస్ పోకుండా ఆపండి. రిసీవర్ మెనూలో స్పీకర్‌ని "స్మాల్" అని పెడితే ఇదే జరుగుతుంది. యాంప్ మీద బరువు ఒక్కసారిగా తగ్గుతుంది, చిన్న వూఫర్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. 85 డీబీ బుక్‌షెల్ఫ్ స్పీకర్లున్నవాళ్లకి నేను చెప్పే మొదటి సలహా చాలాసార్లు ఇదే, పెద్ద యాంప్ కంటే సబ్ మీద పెట్టిన డబ్బు ఎక్కువ వినపడుతుంది.

రిసీవర్‌లో మిగిలిన ఛానెళ్లతో బై-యాంపింగ్ (ఒకే స్పీకర్‌లో వూఫర్‌కి ఒక ఛానెల్, ట్వీటర్‌కి ఇంకోటి) చేస్తే లాభం స్వల్పం, ట్రాన్స్‌ఫార్మర్ అదే, వోల్టేజ్ హద్దు కూడా అదే. బ్రిడ్జింగ్ (రెండు ఛానెళ్లని కలిపి ఒకే స్పీకర్‌కి వాడటం) మాత్రం తక్కువ ఇంపీడెన్స్ స్పీకర్లతో అసలు వద్దు: బ్రిడ్జ్ చేస్తే ఒక్కో ఛానెల్‌కి స్పీకర్ ఇంపీడెన్స్ సగమే కనిపిస్తుంది, 4 ఓమ్‌లది 2 ఓమ్‌లవుతుంది. పవర్ పెరిగిందని సంతోషించేలోపు యాంప్ పోతుంది.

ఇంట్లో కరెంటు, కేబుల్

పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్ ఆన్ చేసిన క్షణంలో భారీగా కరెంట్ లాగుతుంది, ఎంసీబీ పడిపోవచ్చు. అలా పడుతుంటే యాంప్ పాడైందని అనుకోకండి, ఎలక్ట్రీషియన్‌తో సీ-కర్వ్ (ఆన్ చేసిన క్షణంలో వచ్చే కరెంట్‌ని తట్టుకునే రకం) ఎంసీబీ వేయించి, 16 యాంపియర్ల సాకెట్‌కి పెట్టండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో అదే రోజు చూపించుకోండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే యాంప్‌లు 120 వోల్టులవి, జపాన్‌వి 100 వోల్టులవి. వెనక వోల్టేజ్ మార్చే వీలు లేకపోతే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా యాంప్ తీసుకునే పవర్‌కి రెట్టింపు కెపాసిటీది. చిన్నది పెడితే మీరు కొన్న పవర్ సప్లై బలమంతా అక్కడే పోతుంది.

స్పీకర్ కేబుల్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. 5 మీటర్ల దూరానికి, వెళ్లేదీ వచ్చేదీ కలిపి, దాని రెసిస్టెన్స్ 0.08 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, 3.5 ఓమ్‌ల స్పీకర్‌కి అది ఇబ్బంది పెట్టదు. సన్నని తీగ వాడితే మాత్రం తక్కువ ఇంపీడెన్స్ స్పీకర్ల దగ్గర తేడా వినపడుతుంది.

కొనే ముందు విని చూడటం

వీలైతే మీ స్పీకర్లతోనే, మీ ఇంట్లోనే వినండి. మంచి డీలర్లు డెమోకి ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి రెండు యాంప్‌లనీ ఒకే స్థాయికి సరిచేయండి, లేకపోతే కొంచెం గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. బాస్ వాద్యం, గొంతు కలిసి ఉన్న రికార్డింగ్ తీసుకోండి. పెద్ద దెబ్బ పడినప్పుడు గొంతు ఒక్క క్షణం వెనక్కి పోయినట్టు, బిగుసుకున్నట్టు ఉందా? అక్కడ యాంప్‌కి కరెంట్ చాలడం లేదు. మీరు మామూలుగా వినేదానికన్నా కొంచెం ఎక్కువ వాల్యూమ్‌లో ఒక గంట నడిపి హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టండి. ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, యాంప్ తన హద్దు దగ్గర పనిచేస్తోందని అర్థం. క్లాస్ ఏ అయితే వేరే విషయం, అది ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

పెద్ద యాంప్ పెడితే స్పీకర్ కాలిపోతుందని భయపడకండి. చిన్న యాంప్‌ని క్లిప్ అయ్యేదాకా (హద్దు దాటి సిగ్నల్ తలలు తెగిపోయేదాకా) తిప్పడమే ట్వీటర్లకి ఎక్కువ ప్రమాదం, పెద్ద యాంప్‌ని అదుపులో పెట్టుకుని వింటే ఏమీ కాదు. దీనికి మినహాయింపులున్నాయి, 1957 నాటి క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ లాంటివి వోల్టేజ్ ఎక్కువైతే ప్యానెళ్లు కాల్చుకుంటాయి, దానికి బలమైన యాంప్ కన్నా మర్యాదగల చిన్న యాంప్ మంచిది.

బడ్జెట్ తక్కువైతే కొత్త చిన్న యాంప్ కన్నా వాడిన పెద్ద యాంప్ వైపే నేను మొగ్గుతాను. చూసేటప్పుడు మల్టీమీటర్ తీసుకెళ్లండి. స్పీకర్లు తీసేసి, ఏ పాటా లేకుండా, ఆన్ చేసి పది నిమిషాలు ఆగి, ఒక్కో ఛానెల్ టెర్మినల్స్ మీద డీసీ వోల్టేజ్ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే సరే, 100 దాటితే ఎందుకో తేల్చకుండా కొనకండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర శబ్దం వస్తే శుభ్రం చేస్తే పోతుంది, దాన్ని చూపించి ధర తగ్గించమని అడగొచ్చు. యాంప్ 20 ఏళ్లు దాటినదైతే సప్లై కెపాసిటర్లు మార్చించే ఖర్చు ధరలో కలుపుకోండి, ఎందుకంటే మీ స్పీకర్‌కి కావాల్సిన ఆ కరెంట్ పీక్‌లో వచ్చేది వాటిలోంచే.